సినిమా చూసే కన్నుతో ఫుట్‌బాల్ చూడడం ఎలా: ఉద్యోగం చేసుకునే తెలుగు యువకుల కోసం

తెలుగు ఇళ్లలో పుట్టి పెరిగిన కుర్రవాడికి సినిమా చూడడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. విరామానికి ముందు కథ ఎక్కడ మలుపు తిరగబోతోందో, కథానాయకుడి పరిచయ సన్నివేశంలో దర్శకుడు ఏమి చూపించి ఏమి దాచాడో, రెండో సగం ఎక్కడ సాగదీతగా మారిందో అతడు చిన్న వయసులోనే పసిగట్టగలడు. అదే కుర్రవాడు ఉద్యోగంలో చేరాక, తోటివారి మాటల వల్లనో ప్రపంచ కప్ సందడి వల్లనో ఫుట్‌బాల్ చూడడం మొదలుపెట్టి, తొంభై నిమిషాల్లో ఒకటో రెండో గోల్స్ తప్ప ఏమీ జరగలేదని నిరుత్సాహపడి, నెల తిరగకుండానే మానేస్తుంటాడు. నా ఉద్దేశంలో ఈ ఆటను ఆస్వాదించడానికి కావలసిన నేర్పులో సగం అతడి దగ్గర ముందే ఉంది. తెర మీద మాట్లాడుతున్న పాత్రను మాత్రమే కాక, పక్కన నిలబడి ఆ మాటలు వింటున్న పాత్ర ముఖాన్ని కూడా గమనించే అలవాటున్నవాడు, బంతి కాళ్ల దగ్గర ఉన్న ఆటగాడితో పాటు బంతి లేని మిగతా ఇరవై ఒక్క మందిని గమనించడం కూడా త్వరగానే నేర్చుకుంటాడు. ఆ అలవాటును మైదానం వైపు ఎలా మళ్లించాలో, ఉద్యోగం, ఇల్లు, కొత్త సినిమాలు, నిద్ర వీటిలో దేనికీ లోటు రాకుండా ఆటకు వారంలో ఎలా చోటు చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక జట్టు

ఏ జట్టు మీదా మమకారం లేకుండా ఫుట్‌బాల్ చూడడం సాధ్యమే కానీ, కొత్తవారికి అది కష్టం. కాబట్టి ఒక జట్టును ఎంచుకోండి. అయితే గత ఏడాది కప్పు గెలిచిందనో, ఒక పెద్ద ఆటగాడు అందులో ఉన్నాడనో ఎంచుకోవద్దని నా సలహా. ఆటగాళ్లు క్లబ్బులు మారుతారు. ఒక్క ఆటగాడి కోసమే చూసే అభిమాని అతడు వెళ్లిపోయిన మరుసటి సీజన్‌లో దిక్కు తోచక నిలబడిపోతాడు. నెల రోజుల పాటు వేర్వేరు జట్ల ఆటలు చూసి, ఏ జట్టు ఓడుతున్నప్పుడు కూడా చివరి వరకు కూర్చోబెట్టిందో దానిని ఎంచుకోవడం మేలు. ఒకసారి ఎంచుకున్నాక కనీసం ఒక పూర్తి సీజన్ పాటు మారకండి, ఎందుకంటే ఒక జట్టును ముప్ఫై నలభై సార్లు చూసినప్పుడే దాని అలవాట్లు, బలహీనతలు, కోచ్ మొండితనం మనకు తెలుస్తాయి.

యూరప్ జట్టుతో పాటు మన దేశపు ఆటను కూడా ఒక కంట కనిపెట్టండి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లకు ఈ ఆటతో ఉన్న బంధం ఇప్పటి తరానికి సరిగ్గా చేరలేదన్న బాధ నాకు ఉంది. 1950 నుంచి 1954 వరకు దేశంలోని పెద్ద క్లబ్ పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్‌ను వరుసగా ఐదు సార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, భారత జట్టు కోచ్‌గా 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాన్ని సాధించి పెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించిన ఫైనల్‌లో, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా ఆడించగా, అతడు కట్టుతోనే ఆడి తలతో గోల్ కొట్టాడు. ఆ జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి దాడికి ప్రాణం పోసిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టినవాడు. రహీం జీవితం మీద 2024లో హిందీలో ఒక పెద్ద సినిమా వచ్చినా, ఆయన ఊరివాళ్లమైన మనలో చాలామందికి ఆ పేరు అప్పుడే మొదటిసారి వినిపించింది. భారత జట్టుకు అత్యధిక గోల్స్ అందించిన సునీల్ ఛెత్రీ పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోనే. నేటి భారత మహిళల జట్టులో ఆడే గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా అమ్మాయి. ఈ పేర్లు తెలిసినవాడికి ఫుట్‌బాల్ పరాయి ఆటగా అనిపించదు.

వారంలో చోటు చేసుకోవడం

యూరప్ ఆటలు మన గడియారానికి ఎలా కుదురుతాయో ఒకసారి అర్థం చేసుకుంటే నిద్ర పాడయ్యే రాత్రులు సగానికి తగ్గుతాయి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు ఇంగ్లండ్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు, మిగతా కాలంలో ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల ఇంగ్లండ్‌లోని అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ శనివారపు ఆటలు, మార్చి-అక్టోబర్ మధ్య ఉండే ఆ వేసవి గడియారం ఉన్నప్పుడు మనకు సాయంత్రం 5, రాత్రి 7.30, 10 గంటలకు, శీతకాలంలో సాయంత్రం 6, రాత్రి 8.30, 11 గంటలకు మొదలవుతాయి. ఇవి ఉద్యోగస్తుడికి హాయిగా సరిపోయే వేళలు. ఇబ్బందంతా యూరప్‌లోని మేటి క్లబ్బులు తలపడే మంగళ, బుధవారాల ఛాంపియన్స్ లీగ్‌తోనే వస్తుంది. అందులో ఎక్కువ ఆటలు శీతకాలంలో మనకు రాత్రి 1.30కు, వేసవి గడియారం ఉన్నప్పుడు 12.30కు మొదలవుతాయి. తెల్లవారుజామున మూడున్నరకు ఆట ముగిసి, ఉదయం తొమ్మిదికి ఆఫీసు బస్సు ఎక్కవలసినవాడు ఆ రోజు ఆటకూ న్యాయం చేయలేడు, పనికీ చేయలేడు.

నేను పాటించే పద్ధతి ఇది. వారాంతంలో మన జట్టు ఆట ఒకటి మొదటి నుంచి చివరి వరకు ప్రత్యక్షంగా చూడాలి. వారం మధ్యలో అర్ధరాత్రి ఆటలను, ఓడితే ఇంటిదారి పట్టే నాకౌట్ దశలో మన జట్టు ఉంటే తప్ప, ప్రత్యక్షంగా చూడకూడదు. వాటిని మరుసటి రోజు సాయంత్రం ఫలితం తెలియకుండా పూర్తిగా చూడడం, రాత్రి కళ్లు మూసుకుపోతుండగా చూడడం కంటే ఎంతో మేలు. ఇందుకోసం ముందు రోజు రాత్రి పడుకునే ముందే ఫోన్‌లో స్కోరు చెప్పే యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయాలి, మిత్రుల వాట్సాప్ గ్రూపును ఆ పూటకు తెరవకుండా ఉండాలి, ఆఫీసులో ఫుట్‌బాల్ చూసే సహోద్యోగికి ఫలితం చెప్పవద్దని ముందే చెప్పుకోవాలి. కొత్త సినిమా మొదటి రోజు కథ తెలిసిపోకుండా మనం ఎంత జాగ్రత్త పడతామో, ఇక్కడా అంతే జాగ్రత్త కావాలి.

ప్రపంచ కప్ మాత్రం వేరు సంగతి. నాలుగేళ్లకు ఒకసారి వచ్చే ఆ నెలలో సెలవుల లెక్క ముందుగానే వేసుకోవడంలో తప్పేమీ లేదు. 2022లో ఖతార్‌లో జరిగినప్పుడు ఫైనల్ మనకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకే మొదలై ఇంటిల్లిపాదీ చూడడానికి వీలయింది. అమెరికా, కెనడా, మెక్సికోలు కలిసి నిర్వహించే 2026 పోటీలో 48 జట్లు, 104 ఆటలు. న్యూయార్క్ వైపు మధ్యాహ్నం మూడు గంటల ఆట మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు పడుతుంది. అన్నీ చూడాలనుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. రోజుకు ఒక్క ఆటను ఎంచుకోవడం, అదీ తెల్లవారి లేచి చూడగలిగినదైతే దానికే మొగ్గు చూపడం తెలివైన పని.

సంక్రాంతి గురించి ఒక మాట చెప్పాలి. జనవరి రెండో వారంలో పెద్ద సినిమాలన్నీ ఒకేసారి విడుదలవుతాయి, ఊరికి ప్రయాణం ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్‌లో డిసెంబర్ చివర మొదలైన ఎడతెరిపి లేని ఆటల రద్దీ కొనసాగుతూ ఉంటుంది. ఆ వారం ఫుట్‌బాల్‌ను వదిలేయండి. నాన్నమ్మ పక్కన కూర్చుని అరిసెలు తింటూ గడిపే సాయంత్రాన్ని ఫోన్ తెరకు అప్పగించవలసినంత ముఖ్యమైన లీగ్ ఆట ఏదీ లేదు. ఆటను మళ్లీ చూసే సౌకర్యం ఉంది, ఆ సాయంత్రానికి అది లేదు.

బంతి లేని చోట చూడడం

ఇక అసలు విషయానికి వద్దాం. టీవీలో ప్రధాన కెమెరా బంతిని వెంబడిస్తుంది కాబట్టి మన కన్ను కూడా దానినే వెంబడిస్తుంది. కానీ ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది తొంభై నిమిషాల్లో కొద్ది నిమిషాలు మాత్రమే. మిగతా సమయమంతా అతడు ఎక్కడికో కదులుతూ, ఎవరినో తన వెంట లాక్కెళుతూ, ఎవరికో దారి మూస్తూ ఉంటాడు. ఆట అక్కడ తయారవుతుంది, బంతి దగ్గర కేవలం బయటపడుతుంది.

మొదటి పది నిమిషాల్లో స్కోరును పట్టించుకోకుండా జట్ల ఆకారం మీదనే దృష్టి పెట్టండి. గోల్‌కీపర్ దగ్గర బంతి ఉన్నప్పుడు మన జట్టు డిఫెండర్లలో ఎంతమంది వెనుక ఉండిపోతున్నారు, రెండు అంచుల్లోని డిఫెండర్లయిన ఫుల్‌బ్యాక్‌లు గీత వెంట ముందుకు పరుగెత్తుతున్నారా లేక మధ్యలోకి జరుగుతున్నారా, ప్రత్యర్థి బంతిని లాక్కోవడానికి గోల్‌పోస్టు దాకా వచ్చి ఒత్తిడి పెడుతున్నాడా లేక సగం మైదానం దగ్గర గోడ కట్టి ఎదురుచూస్తున్నాడా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలు. వెనుక నుంచి ముందుకు ఏ వరుసలో ఎంతమంది నిలబడ్డారో చెప్పడానికి తెర మీద చూపించే 4-3-3, 4-2-3-1 వంటి అంకెలను కంఠస్థం చేయనవసరం లేదు. బంతి మనదైనప్పుడు ఒక ఆకారం, పోయినప్పుడు మరొక ఆకారం ఉంటుంది. ఆ రెండింటి మధ్య మారే ఐదారు సెకన్లలోనే చాలా గోల్స్ పుడతాయి.

తర్వాత ఒక్క ఆటగాడిని ఎంచుకుని పది నిమిషాల పాటు అతడినే చూడండి. మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నవాడిని ఎంచుకుంటే ఎక్కువ నేర్చుకోవచ్చు. మంచి మిడ్‌ఫీల్డర్ బంతి తనను చేరకముందే రెండు మూడు సార్లు తల తిప్పి భుజాల మీదుగా వెనక్కి చూస్తాడు. అందుకే బంతి అందిన మరుక్షణం, మనకు తెర మీద కూడా కనిపించని సహచరుడికి దానిని పంపగలుగుతాడు. మెస్సీ మైదానంలో చాలాసేపు నడుస్తూ కనిపించడాన్ని కొత్తవారు బద్ధకమనుకుంటారు. కాసేపు అతడినే గమనిస్తే, నడుస్తున్నంతసేపూ ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ ఖాళీని ఎవరూ కాపలా కాయడం లేదో చూసుకుంటూనే ఉన్నాడని తెలుస్తుంది. మన పెద్ద నటులు సంభాషణ లేని షాట్‌లో ఏమి చేస్తారో గమనించినవారికి ఈ నడక విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

మూడో పని రీప్లేను నమ్మకపోవడం. గోల్ పడగానే టీవీవారు నాలుగు కోణాల్లో చూపించేది చివరి తాకిడిని మాత్రమే. ఎడిటర్ కత్తిరించిన భాగంలోనే కారణం ఉంటుంది. ఆటను ఫోన్‌లోనో స్మార్ట్ టీవీలోనో చూస్తున్నట్లయితే, రీప్లేలు అయ్యాక మీరే ఇరవై ముప్ఫై సెకన్లు వెనక్కి జరిపి, బంతి మొదట ఎక్కడ చేతులు మారిందో అక్కడి నుంచి చూడండి. గోల్‌కు నాలుగు పాస్‌ల ముందు ఒక ఫార్వర్డ్ ఉత్తుత్తి పరుగు తీసి ఇద్దరు డిఫెండర్లను పక్కకు లాగి ఉంటాడు. అతడి పేరు స్కోరు పట్టికలో ఎక్కడా ఉండదు.

నిబంధనల్లో కొత్తవారిని ఎక్కువ తికమక పెట్టేది ఆఫ్‌సైడ్. సహచరుడు బంతిని తన్నిన క్షణంలో, ప్రత్యర్థి సగంలో ఉన్న ఆటగాడు బంతి కంటే ముందుగానూ, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవాడి కంటే ముందుగానూ గోల్ గీతకు దగ్గరగా ఉంటే అతడు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు లెక్క. అక్కడ ఉండి ఆటలో జోక్యం చేసుకుంటేనే తప్పవుతుంది. సమానంగా ఉంటే తప్పు లేదు. చేతులు లెక్కలోకి రావు. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఈ నిబంధన వర్తించదు. ఇది కేవలం రిఫరీ సంగతి కాదు, డిఫెండర్ల చేతిలో ఆయుధం కూడా. మన కబడ్డీలో చేయి చేయి పట్టుకున్న గొలుసులాగా నలుగురు డిఫెండర్లు ఒకే గీత మీద ముందుకు జరుగుతారు. ఒక్కడు వెనుకబడితే గొలుసు తెగుతుంది. 2022 ప్రపంచ కప్‌లో సౌదీ అరేబియా అర్జెంటీనాను ఎదుర్కొన్న ఆటను ఇందుకోసమే చూడమంటాను. మొదటి సగంలో అర్జెంటీనా బంతిని నాలుగు సార్లు గోల్‌లోకి పంపినా, మెస్సీ పెనాల్టీ ఒక్కటే నిలబడి, మిగతా మూడూ ఆఫ్‌సైడ్‌గా రద్దయ్యాయి. సౌదీ డిఫెండర్లు గోల్‌కు చాలా దూరంగా, ప్రమాదమనిపించేంత ముందుకు వచ్చి గీత గీశారు. విరామం తర్వాత ఐదు నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచారు. ఆ మొదటి సగాన్ని సౌదీ డిఫెండర్ల గీతను మాత్రమే చూస్తూ గడిపినవారికి ఆఫ్‌సైడ్ మళ్లీ వివరించనవసరం ఉండదు.

అన్నింటికంటే ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది రెండోసారి చూడడం గురించి. నచ్చిన సినిమాను రెండోసారి చూసేటప్పుడు మనం కథ కోసం చూడం. మలుపు తెలుసు కాబట్టి, దానికి దర్శకుడు ముందు నుంచీ దారి ఎలా వేశాడో చూస్తాం. ఆటకూ ఇది వర్తిస్తుంది. మొదటిసారి ఆటగాళ్లు కనిపిస్తారు, రెండోసారి కోచ్ కనిపిస్తాడు. 2022 డిసెంబర్ 18న అర్జెంటీనా, ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌ను మించిన పాఠాన్ని ఇందుకు నేను మరొకటి చూపలేను. ప్రత్యక్షంగా చూసినప్పుడు మనకు గుర్తుండేది 80, 81 నిమిషాల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే వెంటవెంటనే కొట్టిన రెండు గోల్స్, అదనపు సమయంలో మెస్సీ గోల్, ఎంబాపే మూడో గోల్, 3-3 తర్వాత పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2 విజయం. ఫలితం తెలిసి మళ్లీ చూడండి. మొదట గమనించవలసింది అర్జెంటీనా కోచ్ స్కలోనీ, సాధారణంగా కుడి వైపు ఆడే డి మారియాను ఎడమ అంచులో నిలబెట్టడం. అర్జెంటీనా మొదటి గోల్‌కు దారితీసిన పెనాల్టీ అక్కడి నుంచే వచ్చింది. మెస్సీ మైదానం మధ్యలో మెత్తగా తాకి పంపిన బంతి అల్వారెజ్, మెక్ అలిస్టర్‌ల మీదుగా వెళ్లి రెండో గోల్‌గా ముగిసిందీ డి మారియా దగ్గరే. అతడిని 64వ నిమిషంలో బయటికి పిలిచాక ఆ అంచులో ఫ్రాన్స్‌కు ఊపిరి ఎలా ఆడిందో చూడండి.

తర్వాత ఫ్రాన్స్ కోచ్ దెషాంప్‌ను చూడండి. విరామానికి ముందే, 41వ నిమిషంలో, ఆయన జిరూ, డెంబెలేలను తీసేసి కోలో మువానీ, తురాంలను దింపాడు. ప్రత్యక్షంగా చూసినప్పుడు అది నిస్సహాయతగా కనిపించి ఉంటుంది. కానీ దాదాపు నలభై నిమిషాల తర్వాత ఫ్రాన్స్‌కు మొదటి పెనాల్టీని సంపాదించింది కోలో మువానీ, మరుసటి నిమిషంలో ఎంబాపేకు చివరి పాస్ అందించింది తురాం. ఆ రెండో గోల్‌కు ముందు మెస్సీ కాళ్ల దగ్గర నుంచి బంతిని లాక్కున్న కోమాన్ కూడా మధ్యలో దిగినవాడే. విరామానికి ముందు నాటిన ఒక చిన్న సన్నివేశం పతాక ఘట్టంలో ఫలించడాన్ని మన సినిమాల్లో ఎంతగా మెచ్చుకుంటామో, ఆ 41వ నిమిషాన్నీ అంతే మెచ్చుకోవాలి. ఇటువంటి పాత ఆటలను నెలకు ఒకటి చొప్పున, ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా చూడడం వారానికి నాలుగు కొత్త ఆటలు చూడడం కంటే ఎక్కువ నేర్పుతుంది.

స్టేడియంకు వెళ్లడం

టీవీ ఎంత బాగా చూపించినా, కెమెరా ఎంపిక చేసిన భాగమే మనకు దక్కుతుంది. స్టేడియంలో మైదానం మొత్తం మన కళ్ల ముందు ఉంటుంది, కాబట్టి బంతి లేని చోట చూడడం అక్కడ అతి సులభంగా అబ్బుతుంది. హైదరాబాద్‌లో గచ్చిబౌలి స్టేడియం 2024 సెప్టెంబర్‌లో భారత్, సిరియా, మారిషస్ ఆడిన ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కు, అదే ఏడాది డిసెంబర్ 31న పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళపై గెలిచిన, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు వేదికైంది. ఇటువంటి పోటీ మీ నగరానికి వచ్చినప్పుడు వదులుకోకండి. కిందివరుస సీటు కోసం పోటీ పడకుండా, సగం గీతకు ఎదురుగా పైవరుసలో కూర్చోండి. జట్ల ఆకారం అక్కడి నుంచే స్పష్టంగా తెలుస్తుంది. ఫోన్‌తో వీడియో తీయడం మానుకోండి, ఎందుకంటే తెరలోంచి చూస్తున్నంతసేపూ మీరు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టే. గోల్‌కీపర్ తన డిఫెండర్లను ఎలా అరిచి కదిలిస్తాడో వినండి; జనం తక్కువగా ఉండే స్థానిక లీగ్ ఆటల్లో ఆ అరుపులు మరింత బాగా వినిపిస్తాయి కాబట్టి వాటికి వెళ్లడాన్ని చిన్నతనంగా భావించవద్దు.

ఇంట్లో ఒప్పించుకోవడం, సినిమాకు సమయం మిగుల్చుకోవడం

ఒక్క టీవీ ఉన్న ఇంట్లో రాత్రి ఏడున్నర ఆట అమ్మ సీరియల్‌కు అడ్డు వస్తుంది. రిమోట్ లాక్కోవడం కంటే, ఏ రోజు ఏ ఆట చూడాలనుకుంటున్నారో వారం మొదట్లోనే ఇంట్లో చెప్పడం మంచిది. నెలలో రెండు సాయంత్రాలు టీవీ అడిగితే ఏ ఇంట్లోనూ కాదనరు, రోజూ అడిగితే ఎవరైనా విసుక్కుంటారు. మిగతా రోజులు ఇయర్‌ఫోన్లతో ఫోన్‌లో చూడండి. అర్ధరాత్రి గోల్ పడ్డప్పుడు అరిచి నాన్నను లేపడం కూడదు. ఒక ముఖ్యమైన ఆటకు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, నిబంధనలతో మొదలుపెట్టకుండా ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల నేపథ్యం చెప్పి చూడండి. మనిషి ఎవరో తెలిస్తే ఆట తనంతట తానే ఆసక్తి కలిగిస్తుందని సినిమాలు చూసే పెద్దలకు మనం వేరుగా చెప్పనవసరం లేదు.

చందాల విషయంలోనూ కాస్త లెక్క అవసరం. వేర్వేరు లీగ్‌ల ప్రసార హక్కులు వేర్వేరు సంస్థల దగ్గర ఉంటాయి, అవి కొన్నేళ్లకోసారి చేతులు మారుతాయి కూడా. సీజన్ మొదలయ్యే ఆగస్టులో మీ జట్టు లీగ్ ఏ యాప్‌లో వస్తుందో చూసుకుని ఆ ఒక్క చందాయే కట్టండి. ఆ యాప్‌లోనే తెలుగు సినిమాలు కూడా ఉంటే, ఇంట్లో అందరికీ పనికివచ్చే ఖర్చు అవుతుంది.

సినిమాకు కేటాయించిన పూటను ఆటకు బలి ఇవ్వకండి. కొత్త సినిమాను శుక్రవారం రాత్రి షోకో, ఆదివారం మార్నింగ్ షోకో చూస్తే శనివారం సాయంత్రం ఫుట్‌బాల్‌కు మిగులుతుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వంటి చోట పాత పద్ధతి థియేటర్లలో నలుగురితో కలిసి ఈలల మధ్య చూడవలసిన సినిమా ఒకటి, మల్టీప్లెక్స్‌లో నిశ్శబ్దంగా చూడవలసిన సినిమా మరొకటి. రెంటినీ ఒకే చోట చూడనవసరం లేదు. ఫుట్‌బాల్ వల్ల అబ్బిన చూపును అక్కడ వాడి చూడండి. పాట చిత్రీకరణలో వెనుక వరుస నర్తకులు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలారో, పోరాట సన్నివేశంలో కథానాయకుడి కోసం ఖాళీ ఎలా ఏర్పడిందో, ఉమ్మడి కుటుంబ సన్నివేశంలో పదిమందిని ఒకే ఫ్రేములో నిలబెట్టిన దర్శకుడు ఎవరిని ఎవరికి దూరంగా ఉంచాడో మునుపటి కంటే స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి ఆట, ప్రతి సినిమా అయ్యాక ఒక నోట్‌బుక్‌లో మూడు నాలుగు వాక్యాలు రాసుకోండి: ఎవరు గెలిచారన్నది కాదు, మీరు మాత్రమే గమనించారనిపించిన ఒక్క విషయం.

అభిమానుల తగాదాలకు ఈ నోట్‌బుక్ మంచి మందు కూడా. హీరోల పేరిట జరిగే వాదనలు ఎంత దూరం వెళతాయో మనకు తెలుసు; అదే ధోరణిని మెస్సీ, రొనాల్డోల పేరిట ఫుట్‌బాల్‌లోకి మోసుకు రావద్దు. వాదించేటప్పుడు ఒక నిర్దిష్టమైన ఆటను, ఒక నిమిషాన్ని చూపి మాట్లాడే నియమం పెట్టుకోండి. చూపించడానికి ఏమీ లేనివాడితో వాదన పెంచకండి.

కాళ్లతో నేర్చుకోవడం

చూడడం ఎంత నేర్చుకున్నా, వారానికి ఒకసారి ఆడితే తప్ప కొన్ని సంగతులు అర్థం కావు. ఒత్తిడిలో బంతిని ఆపడం ఎంత కష్టమో, వెనక్కి పరుగెత్తడానికి ఎంత మనోబలం కావాలో కాళ్లకే తెలియాలి. మన నగరాల్లో కృత్రిమ గడ్డి వేసిన టర్ఫ్‌లు ఇప్పుడు దాదాపు ప్రతి పేటలోనూ ఉన్నాయి. ఐదుగురి చొప్పున రెండు జట్లకు అవి సరిపోతాయి. ఫ్లడ్‌లైట్లు వేసే రాత్రి వేళల్లో, వారాంతాల్లో అద్దె ఎక్కువ కాబట్టి పని దినాల్లో ఉదయం ఆరు గంటల వేళ దొరికితే ఖర్చు తగ్గుతుంది, ఆఫీసుకూ ఆలస్యం కాదు. పొడవైన స్టడ్‌లున్న బూట్లు కృత్రిమ గడ్డిలో ఇరుక్కుని మోకాలికి, చీలమండకు ప్రమాదం తెస్తాయి. చిన్న చిన్న రబ్బరు బొడిపెలుండే టర్ఫ్ బూట్లే వేసుకోండి. రోజంతా కుర్చీలో కూర్చునే ఒంటిని నేరుగా పరుగులోకి దింపకుండా, పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, తొడ వెనుక కండరాలను, పిక్కలను సాగదీశాకే బంతిని ముట్టుకోండి. మొదటి నెల రోజులు గోల్ కొట్టాలన్న ఆరాటం మాని, బంతి మీ దగ్గరికి వచ్చేలోపు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడడాన్ని, బంతిని పంపిన వెంటనే ఆగిపోకుండా ఖాళీ ఉన్న వైపు కదలడాన్ని మాత్రమే సాధన చేయండి. ఆ రెండూ అలవాటైన వారం నుంచి టీవీలో మిడ్‌ఫీల్డర్లు మీకు వేరుగా కనిపించడం మొదలవుతుంది. టర్ఫ్ బుక్ చేసే బాధ్యతను వారానికొకరు చొప్పున పంచుకుని, ఎవరి వాటా వారు ముందు రోజే పంపేయండి. ఆ చిన్న క్రమశిక్షణ లేక విడిపోయిన మంచి జట్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి.